ఆట నిర్మించు విద్యయు, దానికి వలయు నోర్పును

గడచిన తలిదండ్రుల సభనాడు, సభ ముగిసి యందఱును వెడలిపోవుచుండగా, చెన్నూరు చేరువ పల్లెనుండి వచ్చిన యొక రైతు మమ్ము వసారాలో నిలిపి యొక ప్రశ్న నడిగెను. "సారూ, మావాడు రాత్రి పన్నెండు దాంకా ఆ కంప్యూటరు ముందరే కూచుంటాండాడు. ఏందిరా అంటే గేము చేస్తాండానంటాడు. వాడు ఆడుకుంటాండాడా, చదువుకుంటాండాడా? ఆ ఒక్క మాట చెప్పు సారూ" అని. ఆ బాలుడు మే మెఱిగినవాడే. తొమ్మిదవ తరగతి చదువుచున్నాడు. ఎవరితోను గట్టిగా మాటలాడడు. లెక్కలలో నడిమి తరగతివాడు. "చదువుకొనుచున్నాడు, భయపడకుము" అని చెప్పి యా రైతును పంపివేసితిమి గాని, చెప్పిన మాటయందు మాకే పూర్తి నమ్మకము లేకపోయెను. రెండు నెలలు గడచునప్పటికి ఆ బాలుడు గేము నిర్మించుట మానివేసెను. తండ్రి సంతసించెను. మేము సంతసింపలేదు. అతడేల మానెనో తెలిసికొనిన పిమ్మట మఱింత చింత కలిగి, ఈ నాలుగు మాటలు మన పత్రికలో వ్రాయ బూనితిమి.

కంప్యూటరుపై నాడు ఆటల నెఱుగని బాలుడు నేడు మన తరగతులలో లేడు. ఆడుటయందు గల మక్కువయే ఆటను నిర్మించు నేర్పని తలచువారును కొందఱు గలరు. భోజనప్రియు లందఱును వంటవారు కాలేరు గదా. ఒక చిన్న యాటను నిర్మింపవలె నన్నను, గణితమునందు భిన్నములు, రేఖాగణితము, త్రికోణమితి. భౌతికశాస్త్రమునందు వేగము, గురుత్వము. ఇవిగాక చిత్రలేఖనము, కొంత సంగీతము, కథ చెప్పు నేర్పు, ఆంగ్లమున పుస్తకము చదివి గ్రహింపగల శక్తి వలయును. ఇన్నింటిని కలిపి యొక్కచో వాడుకొను విద్య పాఠశాలలో మఱియొకటి యున్నదని మాకు తోచదు. 1962లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో స్టీవ్ రసెల్ అనువాడును అతని మిత్రులును 'స్పేస్‌వార్' అను ఆటను నిర్మించిరి. ఆనాడు వారును విద్యార్థులవలెనే, బీరువాలవలె నుండిన యంత్రము ఖాళీగా నున్న వేళలను కనిపెట్టుకొని పని చేసిరి. ఆ యాటలో నడుమ నొక నక్షత్రముండి, తన యాకర్షణచే నోడలను లాగుచుండును. ఆటకొఱకు న్యూటను సిద్ధాంతమును యంత్రమునకు నేర్పవలసి వచ్చెనన్నమాట.

ఇక ఆ బాలుని సంగతి. అతడు పైథాన్ భాషలో నొక బంతియాటను వ్రాసెను. బంతి తెరపై నొకవైపునుండి మఱియొకవైపునకు పోవును; క్రింద నున్న పలకతో దానిని కొట్టవలయును. ఇంటిలో, తన మేనమామ యిచ్చిన పాత కంప్యూటరుపై నది చక్కగా నాడెను. సంబరముతో దానిని పాఠశాలకు తెచ్చి మా ల్యాబులో నడిపింపగా, బంతి రెండింతల వేగముతో పరుగిడెను. తోడి పిల్లలు నవ్విరి. బాలుడు మాఱుపలుకక ఫైలు నక్కడికక్కడ తుడిచివేసి వెడలిపోయెను. "నాకు బుర్ర లేదు సార్, ఇది నాకు రాదు" అని పిమ్మట మాతో చెప్పెను.

అతని తప్పేమో చూడుడు. తెరపై బొమ్మ కదలుట యనగా, యంత్రము సెకనునకు పెక్కుమారులు బొమ్మను మఱల మఱల గీయుట. గీసిన ప్రతిమారును బంతిని అయిదు చుక్కలు జరుపుమని బాలుడు వ్రాసెను. ఇంటి కంప్యూటరు మెల్లనిది గావున సెకనునకు 30 మారులు మాత్రమే గీయగలిగెను. బంతి సెకనునకు 150 చుక్కలు నడచెను. ల్యాబులోనిది 60 మారులు గీసెను. బంతి 300 చుక్కలు నడచెను. తొమ్మిదివందల చుక్కల వెడల్పుగల తెరను ఇంటిలో ఆఱు సెకనులలో దాటిన బంతి, పాఠశాలలో మూడు సెకనులలో దాటెను. అంతియే. మారునకు ఇన్ని చుక్కలని గాక, సెకనునకు ఇన్ని చుక్కలని నిర్ణయించి, వెనుకటి బొమ్మ గీసిన పిమ్మట గడచిన కాలముతో దానిని గుణించినచో, ఏ యంత్రముపై నైనను బంతి యొకే వేగముతో పోవును. దూరము వేగమును కాలమును గుణింపగా వచ్చునని చిన్నతరగతులలోనే చెప్పుచున్నాము. ఆ పాఠము ఆ బాలునకు వచ్చును. పరీక్షలో దానికి మార్కులును తెచ్చుకొనెను. అది తన బంతిలో నున్నదని మాత్రము అతని కెవరును చెప్పలేదు. ఒక పంక్తి మార్చిన సరిపోవు చోట, రెండు నెలల కష్టమును తుడిచివేసి, తనకు బుర్ర లేదని తీర్మానించుకొనెను. ఇందులో బాలుని దోషమెంత, మా దోషమెంత యని మేము పలుమారు తర్కించుకొంటిమి. మా పాలే హెచ్చని మా యభిప్రాయము.

దీనికి సరిజోడుగా మఱియొకటి చెప్పెదము. ప్రొద్దుటూరునుండి వచ్చి వసతిగృహమున నుండి చదువుకొనుచున్న యొక బాలిక, తన యాటలోని బొమ్మ కుడికి గాని క్రిందికి గాని నడచునప్పటికన్న, మూలగా నడచునపుడు వడిగా పోవుచున్నట్లు కనిపెట్టెను. కుడికి నాలుగు చుక్కలు, క్రిందికి నాలుగు చుక్కలు. రెండు మీటలను ఒక్కసారి నొక్కినచో నెన్ని చుక్కలు? ఆమె కాగితముపై బొమ్మ గీసి, లంబకోణ త్రిభుజము కనబడగానే, పుస్తకము తెఱచి పైథాగొరసు సిద్ధాంతమును చూచుకొనెను. నాలుగు వర్గము పదునాఱు, మఱియొక పదునాఱు, మొత్తము ముప్పదిరెండు. దాని వర్గమూలము రమారమి 5.66. మూలగా నడచునపుడు నూటికి నలువదియొక్క వంతు వేగము హెచ్చుచున్నదన్నమాట. ఆమె ఆ హెచ్చును తగ్గించు లెక్కయు తానే కనిపెట్టెను. మా గణితోపాధ్యాయుడు ఈ వార్త విని పొంగిపోయి మూడు తరగతులలో చెప్పెను. నాలుగవ తరగతివారు తమకును చెప్పుమని యడిగిరట. ఈ బాలికకును ఆ బాలునికిని తెలివిలో భేదము లేదని మేము నిశ్చయముగా చెప్పగలము. ఆమె ప్రక్కన అడుగుటకు మఱి యిద్దఱు బాలికలుండిరి. అతని ప్రక్కన నవ్వువారుండిరి.

తప్పు దొరలుట సిగ్గుపడవలసిన విషయమని మన పిల్లలు తలచుచున్నారు. తఱచుగా ఇంటిలోను బడిలోను మనమే అట్లు నేర్పుచున్నాము. 2018 ఫిబ్రవరిలో జరిగినదానిని వారు తెలిసికొనుట మంచిది. మన 'జ్ఞానము' అను మాటలోని మొదటి యక్షరము, అనగా 'జ్ఞా', ఒకానొక రీతిగా వ్రాయబడి సందేశములో వచ్చినచో, లోకప్రసిద్ధమైన ఐఫోను దానిని తెరపై చూపలేక, ఆ సందేశమును తెఱచిన యనువర్తనమే కూలిపోవుచుండెను. ఎందఱో మహానిపుణులు గల యాపిల్ సంస్థ కొలది దినములలో సవరణను వెలువరింపవలసి వచ్చెను. మన తెలుగక్షరమొకటి యంతటి యంత్రమును తికమకపెట్టెనని మేము కొంచెము గర్వించితిమి గూడ! మన ల్యాబులోను ఒత్తులు విడిపోయి, గుణింతములు చెల్లాచెదరై తెలుగు మాటలు తెరపై బడుట పిల్లలు చూచుచునే యున్నారు. గొడో అను ఉచిత సాధనము 2023లో వెలువడిన నాలుగవ కూర్పునుండి ఇట్టి లిపులను సరిగా కూర్చుచున్నది. అంతకు ముందు దానిని వాడినవారు తెలుగు మాటలను బొమ్మలుగా గీసికొని అతికించుకొనుచుండిరి. అట్లైనను పని జరిగినది.

కొత్త భాష నేర్చుట యెంత కాలము పట్టునని విద్యార్థులు మమ్మడుగుచుందురు. ప్రోగ్రాము వ్రాయుటయు నొక భాష నేర్చుటయే గావున, మన జిల్లాలోని యొక నిదర్శనమునే చూపుదము. చార్లెస్ ఫిలిప్ బ్రౌను 1820లో కుంపిణీ యుద్యోగియై కడపకు వచ్చెను. అప్పటి కతనికి తెలుగు అంతగా రాదు. 1829లో వేమన పద్యములను ఆంగ్లానువాదముతో ప్రకటించెను. తెలుగు-ఆంగ్ల నిఘంటువు అచ్చైనది 1852లో. నడుమ ముప్పదిరెండేండ్లు. ఆ కాలమంతయు అతడు ఒంటరిగా దీపము ముందు కూర్చుండలేదు. కడపలో తన బంగళాయందు పండితులను, లేఖకులను చేర్చి, తాళపత్రములను సరిచూపించుచు, తనకు తెలియనిది వారి నడిగి తెలిసికొనెను. ఆ బంగళా యున్న తావునందే నేడు బ్రౌను గ్రంథాలయము కలదు. చెన్నూరునుండి పోవుటకు బస్సులో నెంతసేపు? పట్టుదల యనిన వెంటనే మనవారు ఒంటరి తపస్సును తలచుకొందురు. బ్రౌను పట్టుదలలో సగము, అడుగుటకు వెనుదీయకుండుటయే. అతడు జీతమిచ్చి పండితుల నుంచుకొనెను. మన పిల్లలకు పండితులు లేరు, ప్రక్కబల్లవా రున్నారు.

ఇతర దేశములవారి కథలను పిల్లలు సెల్‌ఫోనులలో విని వచ్చి మాకు చెప్పుచుందురు. అవి సగము సగముగా చెప్పబడుచున్నవని మా ఫిర్యాదు. ఫిన్‌లాండు దేశపు రోవియో సంస్థవారి 'యాంగ్రీ బర్డ్స్' 2009లో వెలువడి లోకమంతయు వ్యాపించెను. అది ఆ సంస్థకు 52వ ఆట. మొదటి 51 ఆటలు ఓటములని మన పిల్లలు చెప్పుకొందురు గాని, వానిలో పెక్కు ఇతరులకొఱకు కూలికి చేసి యిచ్చిన పనులు; ఆ పనులవలననే ఆ సంస్థ ఏండ్ల తరబడి బ్రతికినది, పనియు నేర్చినది. అమెరికాలో ఎరిక్ బరోన్ అను యువకుడు 2011లో కంప్యూటరు శాస్త్రమున పట్టము పుచ్చుకొని, ఉద్యోగము దొరకక, తన నేర్పును మెఱుగుపఱచుకొనుటకై సేద్యమునుగూర్చిన యొక యాటను మొదలిడెను. చిత్రములు, సంగీతము, కథ, ప్రోగ్రాము అన్నియు తానొక్కడే చేసెను. గీసిన బొమ్మలను కొట్టివేసి మఱల మఱల గీసెను. నాలుగేండ్లకు మించి శ్రమించి 2016 ఫిబ్రవరిలో 'స్టార్‌డ్యూ వ్యాలీ' అను పేర దానిని వెలువరించెను. ఇంతవరకు అందఱును చెప్పుదురు. ఆ యేండ్లలో అతడు సాయంకాలములయందు నాటకశాలలో ప్రేక్షకులను వారి యాసనములకు చేర్చు కొలువు చేసెననియు, తనతో కాపురముండిన యామె సంపాదనపై నిల్లు గడచెననియు మాత్రము చెప్పరు. ఒకని యోర్పు వెనుక అన్నము పెట్టుచున్న వేఱొక చేయి యుండును. తలిదండ్రుల ప్రశ్నలను విసుగుకొను విద్యార్థులు ఈ భాగమును మఱి రెండుమారులు చదువవలెనని కోరుచున్నాము.

తెలుగునేలపైనను నిదర్శనములు లేకపోలేదు. హైదరాబాదులో ఓగర్ హెడ్ స్టూడియో అను చిన్న బృందము 2017లో 'అసుర' అను ఆటను వెలువరించినది; మన పురాణముల ఛాయలు గల ఆట యది. మన జిల్లాలోనే, 2008లో నెలకొల్పబడిన ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ యున్నది; పులివెందులలో జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయపు ఇంజనీరింగు కళాశాల, ప్రొద్దుటూరులో యోగివేమన విశ్వవిద్యాలయపు ఇంజనీరింగు కళాశాల యున్నవి. అయితే ఇడుపులపాయలో చేరుటకు పదవ తరగతి మార్కులే ముఖ్యము. కావున గేము పేరిట పదవ తరగతిని విడిచినవాడు, గేము నేర్చుటకు తగిన తావునే పోగొట్టుకొనును. దినమునకు ఒక గంట, ఆదివారము రెండు గంటలు. ఇంతకు మించి వలదని మా మాట. రాత్రి పన్నెండు గంటలవరకు మేలుకొనుటను పట్టుదల యని మేము ఒప్పుకొనము. నిద్రలేని కన్ను కామాకును చుక్కకును భేదము చూడజాలదు. అంతమాత్రమున ప్రోగ్రాము నడువదు.

మా పిల్లలలో మఱియొక జాడ్యమును గమనించితిమి. జూనులో స్క్రాచ్ మొదలిడుదురు. అది చిన్నపిల్లలదని యెవరో యనగా ఆగస్టులో పైథాన్. దసరా సెలవులలో నొక యన్న వచ్చి యూనిటీ యనును; సంక్రాంతికి మఱియొక యన్న వచ్చి అన్‌రియల్ యనును. వేసవి వచ్చునప్పటికి నాలుగు పనిముట్ల పేర్లును వచ్చును, ఒక్క యాటయు పూర్తి కాదు. బావి త్రవ్వువాడు నాలుగు చోట్ల నాలుగేసి యడుగులు త్రవ్విన నీరెక్కడిది? పైగా పనిముట్లు శాశ్వతములు గావు. 2023 సెప్టెంబరులో యూనిటీ సంస్థవారు, ఆటను ఎవరైనను తమ యంత్రములో చేర్చుకొనిన ప్రతిమారును లెక్కించి రుసుము విధింతుమని ప్రకటింపగా, లోకమందలి ఆటల నిర్మాతలు గగ్గోలు పెట్టిరి; పలువురు ఇతర సాధనములకు మాఱిరి; ఏడాదికి ఆ రుసుమును ఆ సంస్థ రద్దు చేసినది. ఆ యేడాది సులభముగా మాఱగలిగినవారు, కాలమును వేగముతో గుణించుటయు, త్రిభుజమును గుర్తించుటయు నెఱిగినవారు. అది యే సాధనమునందైన నొక్కటియే.

శీఘ్రముగా నేర్పెదమను వారినిగూర్చి యొకమాట చెప్పక తీరదు. మా పూర్వవిద్యార్థి యొకడు, మూడు నెలలలో గేము డిజైనరును చేసి యుద్యోగము చూపెదమన్న యొక శిక్షణాలయపు ప్రకటనను నమ్మెను. వాని తండ్రి వేరుసెనగపై వచ్చిన సొమ్మంతయు తెచ్చి కట్టెను. మూడు నెలలును, ఇతరులు చేసియుంచిన ఆటను విప్పి, బొమ్మల రంగులు మార్చి, తమ పేరు వ్రాసికొనుటయే నేర్పిరట. పట్టాయు నిచ్చిరి. ఉద్యోగమునకు పోయినచోట, ఒక బంతిని గోడకు తగిలి వెనుకకు మఱలునట్లు చేయుమనగా వానికి చేతకాలేదు. వాడు మా యొద్దకు వచ్చి కంట తడిపెట్టెను. ఆ సొమ్ము తిరిగి రాలేదు. బంతి మాత్రము మా ల్యాబులో మూడు దినములలో మఱలినది. తలిదండ్రులారా, ఈ విద్యకు వలయు సాధనములలో పెక్కు ఉచితముగా లభించుచున్నవి. సొమ్ము కట్టుటకు ముందు మమ్మొకమారు అడుగుడు.

గేము అను మాట వినగానే పందెములు, పేకాటలు తలచుకొని బెదరు తలిదండ్రు లున్నారు. వారి భయము నిరాధారము కాదు. సెల్‌ఫోనులో డబ్బు పెట్టి యాడు ఆటలవలన కొంపలు కూలినవి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2020లోనే ఆన్‌లైను జూదమును నిషేధించినది. 2025 ఆగస్టులో పార్లమెంటును డబ్బుతో నాడు ఆన్‌లైను ఆటలను నిషేధించుచు చట్టము చేసినది. ఆ చట్టమే డబ్బు పందెము లేని ఆటలను ప్రోత్సహింపవలెననియు చెప్పుచున్నది. కత్తితో కూరగాయలు తఱుగువానిని, కుత్తుకలు కోయువానిని ఒక్క గాటికి కట్టకుడు.

ఇక ఏ యాటతో మొదలిడవలెను? పిల్లలందఱును మొదటనే కార్లు పరుగులిడు ఆటయో, తుపాకుల యాటయో చేయగోరుదురు. వానిని వందలకొలది పనివారు ఏండ్లకొలది శ్రమించి నిర్మింతురు. మేము సూచించునది పులిమేక. మన పల్లెలలో గుడి మండపపు బండలమీద, రచ్చబండలమీద చెక్కియుండు ఆ గీతలను చూడనివా రుండరు. గీతలు కలియు స్థానములు 23. పులులు మూడు, మేకలు పదునైదు. పులి ప్రక్కనున్న మేకమీదుగా దుమికి, ఆవలి స్థానము ఖాళీగా నున్నచో దానిని చంపును. పులులు కదలకుండ చుట్టుముట్టినచో మేకలు గెలుచును. చూచుటకు సులభము. చేయబూనినపుడు గదా తెలియును!

మొదట స్థానములకు ఒకటి మొదలు ఇరువదిమూడు వఱకు అంకె లిడవలయును. పిమ్మట నొక పట్టిక: ఏ స్థానమునుండి ఏ స్థానములకు గీత గలదు. ఇది కాగితముపై వ్రాయుటకే రెండు దినములు పట్టును, తప్పులు దిద్దుటకు మఱి రెండు. అటుపిమ్మట రెండవ పట్టిక: పులి ఎక్కడనుండి, దేనిమీదుగా, ఎక్కడికి దుముకవచ్చును. ఇచ్చటనే అందఱును చిక్కుకొందురు. రెండు గీతలు కలిసియున్నంత మాత్రమున దుముకు లేదు; మూడు స్థానములు నొకే తిన్నని గీతపై నుండవలయును. దీనిని మఱచిన యొక విద్యార్థి యాటలో పులి మూలమలుపు తిరిగి దుమికి మేకను తినెను! వానిని మేము 'సర్కసు పులి' అని పిలిచితిమి. ఆ విద్యార్థియే ముందుగా నవ్వెను. ఇదియు ముగిసిన పిమ్మట యంత్రమే పులియై యాడవలెను. తొలుత తోచినట్లు కదలుపులి. పిమ్మట మేక దొరకినచో విడువనిపులి. పిమ్మట ఎదుటివాని తరువాతి యెత్తును ముందుగా చూచి కదలుపులి. పులి తెలివి మీఱినకొలది విద్యార్థి తెలివియు మీఱును. మేకల తెలివి నేర్పుట యింతకన్న కష్టము. దానిని పైయేటికి విడుచుకొనవచ్చును. బొమ్మలు గొప్పగా నుండనక్కఱలేదు. మూడు ఎఱ్ఱచుక్కలు, పదునైదు తెల్లచుక్కలు చాలును.

పని నడుమ చిక్కువడినపు డేమి చేయవలెనో ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ప్రాంతముల నేతవారి పిల్లలకు మేము చెప్పనక్కఱలేదు. పోగు తెగినచో నేతగాడు మగ్గమును ఆపును. తెగిన కొన నెక్కడనున్నదో వ్రేళ్లతో వెదకును. ముడివేసి మఱల నేయును. తెగిన పోగును కానక నేసికొనిపోయినచో బట్టలో గీత పడును. కోపగించి పడుగంతయు కోసివేయువాడు లేడు. ప్రోగ్రాములోను అంతియే. తెగినచోటు కనుగొనుటకై ప్రోగ్రామును సగము సగముగా నాపి, ఇంతవరకు సరిగా నున్నదా యని చూడవలెను. మగ్గమునకును కంప్యూటరునకును చుట్టరికము గలదని పిల్లలు నమ్మరు గాని, 1804లో ఫ్రాన్సు దేశపు జకార్డు చిల్లులు గల అట్టలతో మగ్గముచే పూలు నేయించెను; ఆ యట్టలనే చూచి బాబేజి తన గణనయంత్రమునకు ఆజ్ఞ లిచ్చు పద్ధతిని కల్పించుకొనెను.

ఈ యేడునుండి ప్రతి విద్యార్థియు తప్పుల పుస్తకము నొకటి యుంచవలెనని నియమించితిమి. తేదీ, జరిగినదేమి, జరుగవలసినదేమి, కారణమేమి, ఎవరి నడిగితిని, ఇంతమాత్రమే. ఇరువది నిమిషములు తానే వెదకవలెను; దొరకనిచో తోడివాని కూర్చుండబెట్టి, తన ప్రోగ్రామును పంక్తి పంక్తిగా చదివి వినిపింపవలెను. వినువానికి ఏమియు తెలియకపోయినను, చెప్పువాడు సగమునకు వచ్చునప్పటికి "ఓహో" యని లేచిపోవుట మేము పలుమారు చూచితిమి. ల్యాబులో ఇతరుని తప్పునకు నవ్వినవాడు ఆ దినమునకు బల్ల విడిచి పోవలెనని గూడ నియమము చేసితిమి. ఇది కఠినమని కొందఱుపాధ్యాయు లనిరి. మేము మార్చుకొనలేదు.

పాఠశాల కార్యదర్శిగారికి మా విన్నపము నొకటి యిచ్చటనే వ్రాయుచున్నాము. ల్యాబును నాలుగు గంటలకు మూయక, అయిదున్నరవఱకు తెఱచి యుంచవలెను. పొరుగూళ్ల బాలికలు చీకటిపడక ముందే బస్సెక్కవలసినవారు గావున, వారికి మధ్యాహ్న విరామమున యంత్రములు ముందుగా దక్కవలెను. ఇంటిలో కంప్యూటరు లేనివారే మాలో నెక్కువ. వారికి ఓర్పును బోధించి తలుపునకు తాళము వేయుట న్యాయము కాదు.

అందఱును ఆటల నిర్మాతలు కావలెనని మేము కోరుట లేదు. ఈ వృత్తిలో నుద్యోగములు తక్కువ, కోరువారు ఎక్కువ. ఒక యేడు ప్రయత్నించి, ఒక యాటను పూర్తిచేసి, ఇది నాకు వలదని మానినవానిని మేము నిందింపము. నిష్కారణముగా తనకు బుర్ర లేదని తలచి మానుటయే మాకు దుఃఖము.

ఆ బాలుడు డిసెంబరులో తిరిగి వచ్చెను. బంతిని సరిచేయుటకు మాకు పది నిమిషములును పట్టలేదు. తుడిచివేసినదానిని మఱల వ్రాయుట కతనికి వారము పట్టెను. పిమ్మట పులిమేకకు దిగి ఫిబ్రవరి నాటికి నిలువబెట్టెను. ప్రగతిపత్రముపై సంతకము చేయుటకు తండ్రి వచ్చినపుడు, మేము ఆయనను ల్యాబులోనికి పిలిచి కూర్చుండబెట్టితిమి. ఆయన మౌసును పట్టుకొనుట కొంచెము తడబడెను గాని, తెరపై గీతలు చూడగానే వెనుకకు వాలి, "ఇది మా గుడికాడి ఆట గదరా" అనెను. మేకలు తనవి, పులులు యంత్రమువి. ఆఱు మేకలు దించిన పిమ్మట ఆయన యొక మేకను జరుపబోగా, అది జరిగెను. ఆయన చేయి యాపి కొడుకు వైపు తిరిగెను. "మేకలన్నీ దిగకముందే మేకను జరపకూడదురా. మీవోడికి ఆ సంగతి తెల్దా?" అని తెరను చూపి యడిగెను. బాలుడు నాలుక కఱచుకొని, తప్పుల పుస్తకము తీసి, తేదీ వేసి, 'ఎవరి నడిగితిని' అనుచోట 'నాయన' అని వ్రాసికొనెను. తండ్రి కుర్చీనుండి లేవలేదు. సరిచేసి మఱల పెట్టుమని కూర్చుండెను.